బియ్యం ఎవరివి?

ఎవరైనా విదేశీ జీతం గురించి గొప్పగా చెబితే నాకు కొంటా ఊరికి వెళ్లే ఆ బస్సే గుర్తొస్తుంది. అప్పుడు నేను ఇనుప గనుల్లో గుమాస్తాని. పక్క సీటులో కూర్చున్న నా వయసువాడొకడు ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి చదివి చెప్పమన్నాడు. గల్ఫ్‌లో కూలిపనికి ఒప్పందం. జీతాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పాను. నాకొచ్చే దానికి రెండింతలు!

అతని ముఖంలో సంతోషం కనిపించలేదు.

"బియ్యం ఎవరివి సార్?"

నాకర్థం కాలేదు.

"మిర్చి కోతకు పోతే బియ్యం, కట్టెలు రైతే ఇస్తడు. కూలి మొత్తం ఇంటికొస్తది. మరి అక్కడేంది?"

క్వార్టరూ క్యాంటీనూ ఉన్న నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. కాగితం తిప్పాను. తిండికీ గదికీ జీతంలోంచే కోత. అవి పోతే సగం కూడా మిగలదు.

చెప్పబోతుంటే, అతనివీ తోటి కూలీలవీ పాస్‌పోర్టులన్నీ సంచిలో పెట్టుకున్న ఏజెంటు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఏం చదువుతున్నరు సార్?"

నవ్వుతూనే అడిగాడు. చూపు మాత్రం నా మీంచి కదల్లేదు. వారం వారం ఆ దారిలోనే తిరిగేవాణ్ణి నేను, అలాంటివాడితో పగ తెచ్చుకోలేను.

"అక్షరాలు మరీ చిన్నవి. కనిపించట్లేదు," అన్నాను.

పక్క సీటతను నా కళ్లజోడు వైపు కాసేపు చూశాడు. కాగితం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పర్లేదు సార్. అక్కడ దిగినంక బియ్యం సంగతి నేనే అడుగుత."