జపానాయనకు మిగిలిన మాట

టైర్ల కొట్టు పక్కన రేకుల షెడ్డులో పాత కార్లు అమ్మే ఆయన్ని అందరూ జపానాయన అనేవారు. జపాను ఎటువైపు ఉందో కూడా ఆయనకు తెలియదు. ఒకే రకం జపాను చిన్న కార్లను జన్మంతా కొని, తుడిచి, మెరుగుపెట్టి అమ్మాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ రకంలో పాత మోడలు, నడిమి మోడలు, కొత్త మోడలు ఉండేవి. మూడింటి గుణాలూ ఆయనకు సొంత పిల్లల బుద్ధుల్లా తెలుసు. పాతది మొరటుది, అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి గాని ఇంజను మాత్రం మహా మొండిది. నడిమిది సోకులాడి. కొత్తదానికి అన్నీ మీటలే, ఏది నొక్కినా ఏదో ఒకటి కూస్తుంది.

తెలిసిందంతా కొనేవాళ్ళకు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. వరదలో మునిగిన బండ్లను ఎక్కడెక్కడినుంచో తెప్పించి, సీట్లు ఊడదీసి ఎండబెట్టి, లోపల సెంటు కొట్టి నిలబెట్టేవాడు. ఎవరేమడిగినా ఒకటే జవాబు: "బాగుంది. కళ్ళు మూసుకుని తీసుకోండి."

షెడ్డులో చాకిరీ అంతా బావమరిదిది. ఒకసారి ఒక మంత్రసాని బండి చూడటానికి వచ్చింది. బావమరిది ఉండబట్టలేక, "అమ్మా, ఇది నీళ్ళలో నానిన బండి" అనేశాడు. ఆమె వెళ్ళేదాకా ఆగి జపానాయన వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు. భోజనం కారియరు పట్టుకుని వాడి పెళ్ళాం అప్పుడే గుమ్మంలో నిలబడి ఉంది.

"నా తిండి తింటూ నా నోట్లోనే మట్టి కొడతావురా?"

బావమరిది చెంప తడుముకుని నవ్వాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. బుద్ధిగా పని నేర్చుకున్నాడు. సీటు బెల్టు పైభాగం ఉతికితే చాలు, చుట్టలోపల ఉండే కొసను ఎవరూ లాగి చూడరు అనేదాకా నేర్చుకున్నాడు.

ఒకరోజు పొద్దున టీ తాగుతూ జపానాయన పక్కకు ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. ఎలా మిగిలిందో ఏమో గాని ఒక్కటి మిగిలింది. ఆకలేసినా "బాగుంది", పక్క తడిసినా "బాగుంది". లోపల మాటలన్నీ వరసగానే ఉండేవి, నాలుక మీదికి వచ్చేసరికి అన్నీ ఆ ఒక్కటే అయిపోయేవి. మొదట్లో భార్య నవ్వింది. తర్వాత విసుక్కుంది. "ఏం బాగుందండీ, మీ మొహం!" అంటూ దుప్పటి మార్చేది.

షెడ్డు బావమరిది చేతికి వచ్చింది.

కూతురికి కొండ మీది ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం వచ్చింది. బస్సు పైదాకా వెళ్ళదు. కారు కొనాలి, అదీ నాన్న అమ్మిన కారే కొనాలి అని పట్టుబట్టింది. తండ్రిని చక్రాల కుర్చీలో షెడ్డుకు తోసుకొచ్చింది. మేనమామ మూడు మోడళ్ళూ కడిగి వరసగా నిలబెట్టాడు.

"నువ్వు ఏది బాగుందంటే అది, నాన్నా" అంది.

పాతదాని బానెట్టు మీద జపానాయన ఎడమచెయ్యి వేశాడు. ఇంజను నెమ్మదిగా, ఎగదన్నకుండా తిరుగుతోంది. "బాగుంది" అన్నాడు. నిజంగా అదే చెప్పాలనుకున్నాడు.

కూతురు పకపకా నవ్వింది. "నాన్నా, ఇది ఎక్కితే రోగులే నన్ను చూసి జాలిపడతారు!"

కొత్తది తన తాహతుకు మించిందని తనే పక్కకు జరిగింది. మిగిలింది నడిమిది, పాలలా తెల్లనిది. తలుపు తియ్యగానే సెంటు వాసన గుప్పుమంది. అది ఎందుకు కొట్టిన సెంటో జపానాయనకు తెలుసు. మంచి చేత్తో సీటు బెల్టు అందుకుని బలమంతా పెట్టి కొసదాకా లాగాడు. కొసన బురద చార. దాన్ని కూతురి మొహం ముందు ఆడించాడు.

"బాగుంది! బాగుంది! బాగుంది!"

కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"చూశావా మావయ్యా, నాన్నకి ఎంత నచ్చిందో! ఏడుస్తున్నాడు పాపం" అంటూ కూతురు ఆయన కళ్ళు తుడిచింది. బురదచార ఆమె చేతికి ఆనుకునే ఉంది.

బావమరిది వంగి, బెల్టును ఆయన వేళ్ళలోంచి ఒక్కొక్క వేలే విడదీసి తీసుకున్నాడు. అది సర్రుమని లోపలికి పోయింది. చెవి దగ్గర నోరు పెట్టి, "ఆ రోజు నిజం చెప్తే కొట్టావు కదా బావా. ఇవాళ నువ్వే చెప్పు" అన్నాడు. తర్వాత మేనకోడలి వైపు తిరిగి, "బావ మాటంటే మాటే" అని తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

ఎండలున్నన్నాళ్ళు బండి చక్కగా తిరిగింది. రోజూ కారు చప్పుడు గుమ్మంలో వినబడేదాకా జపానాయన ముద్ద మింగేవాడు కాదు. భార్య మూతి తుడుస్తూ సణిగేది. వానలు పట్టాక ఒక సాయంత్రం కొండ దిగుతుంటే బండిలో కరెంటు మొత్తం పోయింది. దీపాలు ఆరాయి, స్టీరింగు బిగుసుకుంది. మలుపులో ఎదురుగా లారీ.

కూతురు బతికింది. తుంటి ఎముక నుజ్జయింది. ఇక నడవదు అన్నారు. ఆమె పనిచేసే గదిలోనే ఆమెకు ఎక్స్‌రే తీశారు.

ఇంటికి తెచ్చాక ఆమెను చూడటానికి బావమరిది కూడా వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి మేనకోడల్ని చూశాడు. తెచ్చిన పళ్ళు చేతిలో పట్టుకునే వెనుదిరిగాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

చుట్టాలు మాటలు దాచుకోలేదు. "అన్నీ తెలిసినవాడు, కన్నకూతురికి ఇలాంటిది అంటగట్టాడు" అన్నారు, ఆయన ఎదుటే. భార్య ఆయనకు అన్నం పెట్టడం మానలేదు గాని, చెంచా పళ్ళకు తగిలేలా కుక్కేది.

ఒక మధ్యాహ్నం కూతురు తల్లిని బయటకు పంపి తండ్రి కుర్చీని దగ్గరకు లాగించుకుంది.

"నాన్నా, మెకానిక్కు చెప్పాడు. అది వరద బండట. నువ్వు చూసి ఏడ్చావు. నీకు తెలుసు కదా?"

ఈమధ్యే ఆయనకు తల కాస్త ఊపడం వచ్చింది. ఊపితే, తెలిసీ కొనిపించాడని అర్థం. అడ్డంగా ఊపితే అబద్ధం. నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలుసు. ఆ మంచం మీద, ఆ కాళ్ళను చూస్తూ ఆ మాట అనలేక దవడలు బిగించాడు. నాలుక మీద అదే మాట తోసుకొస్తుంటే ఎడమచేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు.

కూతురు మొహం గోడవైపు తిప్పుకుంది.

"నన్ను కూడా షెడ్డుకొచ్చిన గిరాకీ అనుకున్నావా, నాన్నా?" అంది.

తల్లిని కేకేసి, ఆయన్ని అవతలి గదిలోకి తోసెయ్యమంది.