ఎర్రపెట్టకి పురిటినీళ్లు

మా ఎర్రపెట్టని కోసెయ్యమన్నప్పుడు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. చీడికాడలో మా అమ్మ ఇచ్చిన కోడిపిల్ల అది. చేతిసంచీలో తల బయటికి పెట్టించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. చోడవరం పక్కన మా అత్తోరింట్లో గేదె మా మావది, చెరుకు మా ఆయనది, వంటిల్లు అత్తది. నాదని చెప్పుకోడానికి ఆ కోడొక్కటే. అదీ నాదని నేననుకోడమే గాని, ఇంకెవరూ అన్లేదు.

ఆ ఆదివారం పొద్దున్న గంప ఎత్తినా అది బయటికి రాలేదు. బొచ్చంతా ఉబ్బించుకుని, తోక కిందకి వాల్చేసి ఓ మూల కూచుంది. నూకలు జల్లితే తిరిగైనా చూళ్లేదు.

"పొదుగుకొచ్చిందే ఇది," అంది మా అత్త.

పొదుగుకొచ్చిన పెట్టకి మా వైపు మందు ఒకటే. బోరునీళ్ల బకెట్లో పొట్టదాకా ముంచడం. ఒంట్లో వేడి దిగితే పొదుగు మానేసి మళ్లీ గుడ్లకొస్తదని. అత్త దాని రెక్కలు రెండూ ఒడిసిపట్టి ముంచింది. నాకూ తేడా తెలీలేదు, బకెట్ నేనే పట్టుకున్నాను.

కాసేపటికి అది నిలబడలేకపోయింది. కాళ్లు ఎడంగా పెట్టి ముక్కుతంది, నోరు తెరిచి రొప్పుతంది. గాజువాకలో ఉండే మా ఆడపడుచు, మొగుడితో సహా ఆరోజు మజ్జానం భోజనానికి వస్తంది. "ఇంక ఇది బతకదు. చచ్చేలోపు కోసేద్దాం, పులుసైనా దక్కుద్ది," అంది అత్త. మా ఆయన కత్తి నూరడానికి కూచున్నాడు. ఏ పనికి పిలిచినా వినపడని మనిషి, దీనికి మటుకు ఒక్క పిలుపుకే లేచేడు!

నేను గబుక్కున పెట్టని లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. తోక కింద చెయ్యేస్తే గట్టిగా, గుండ్రంగా తగిలింది. గుడ్డు!

"పొదుగూ లేదు, తెగులూ లేదు. గుడ్డు అడ్డంపడిపోయింది దీనికి. నొప్పులు పడతంది!" అని అరిచేను.

"కోడికి నొప్పులేటే, సోద్యం కాపోతే!" అంది అత్త.

అంతే, నా నోరు ఇంక ఆగలేదు. "నా పురిటప్పుడు కాగేనీళ్లు నడుం మీద పోసేవు కదా అత్తా, నీ చేత్తోనే! సన్నీళ్ల గ్లాసు ముట్టుకుంటే చేతిమీద ఒక్కటిచ్చేవు కదా! మరి దీనికి బోరునీళ్లేటి? ఇదేటి పాపం చేసింది?"

మా ఆయన కత్తి నూరడం ఆపేడు. అత్త నన్ను చూసింది, పెట్టని చూసింది. ఇప్పుడు పడతాయి నాకు అనుకున్నాను. ఆవిడ లేచెళ్లి పెరట్లో పొయ్యి మీద నీళ్లు పడేసింది.

పురిటినీళ్లంటే మా అత్త తరవాతే ఎవరైనా. బేసిన్లో పోసి, మోచెయ్యి ముంచి చూసి, కూసిన్ని సన్నీళ్లు కలిపి, మళ్లీ చూసి, "ఇప్పుడు కూకోబెట్టు," అంది. పెట్ట ముందు రెక్కలు టపటపా కొట్టుకుని మా ఇద్దరి చీరలూ తడిపేసింది. తరవాత వేడి తగిలి హాయిగా కళ్లు మూసుకుంది. నీళ్లు చల్లారినప్పుడల్లా అత్త వేడివి కలుపుతానే ఉంది. "అంతేనమ్మా, ముక్కు, ఇంకొంచెం," అంటంది. నా కాన్పప్పుడు నాతో అన్న మాటలే అవి. నాకు ఏడుపొచ్చేసింది.

"పొట్ట నొక్కేస్తే వచ్చెయ్యదా?" అన్నాడు మా ఆయన.

"లోపల పగిలిందంటే చచ్చిపోద్ది. నువ్వవతలికి పో!" అని ఇద్దరం ఒకేసారి అరిచేం.

ఒళ్లు తుడిచి, గుడ్డొచ్చే చోట చుట్టూ కొబ్బరినూనె రాసేను. పాత చీర పరిచి, బియ్యండ్రమ్ము పక్కన చీకట్లో కూచోబెట్టి తలుపేసేం. ఆ తలుపు బయటే ఇద్దరం చతికిలపడ్డాం. లోపల్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. మా అత్త గ్రామదేవతలందరికీ మొక్కేసింది.

ఉన్నట్టుండి "కొక్కొక్కొక్కోక్!" అని ఇల్లెగిరిపోయేలా ఒకటే అరుపు. తలుపు తీసేసరికి పెట్ట నిటారుగా నిలబడుంది, చీర మీద తడితడిగా గుడ్డుంది. నేను గెంతులేసేను, సిగ్గేటి! అత్త ఆ గుడ్డు కొంగుతో తుడిచి, "ఓలమ్మో, బాతుగుడ్డంత ఉంది, ఎలా కన్నావే తల్లీ!" అంది.

అంతలో ఆడపడుచు బస్సులోంచి ఫోన్ చేసింది, కోడి కోసేరా అని.

"కొయ్యడమేటి? పురిటికోడిని కోస్తారేటే ఎవరైనా?" అని ఇంతెత్తున లేచింది అత్త. "బస్సు దిగినకాడ బ్రాయిలర్ కొనుక్కుని రా."

అటునుంచి ఏదో గునుస్తంది. "నన్నడుగుతావేటి? అది మీ వదిన కోడి. దాన్నే అడుగు," అని ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేను చెవికి పెట్టుకుని, "కొయ్యను," అన్నాను.