తాళాలక్క సెలవు

కడుపుతో ఉన్న మనిషి ఎప్పుడు సెలవు పెట్టాలో మామూలుగా డాక్టరు చెబుతారు. లేదంటే ఆమె నడుమే చెబుతుంది. మా తాళాలక్కకి మాత్రం ఒక ఖైదీ చెప్పింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. కాబట్టి మెత్తగా చెబుతానని మాత్రం అనుకోకండి.

ఆడవాళ్ళ జైల్లో, గేటు పక్కనున్న తనిఖీ గదిలో నా ఉద్యోగం. లోపలికి వెళ్ళే ఆడమనిషినీ, బయటికి వచ్చే ఆడమనిషినీ తల నుంచి కాలిదాకా తడిమి పంపాలి. ఖైదీ అయినా వార్డర్ అయినా నా చేతికి ఒకటే. తాళాలక్క మా జైలు వెనక బ్లాకుకి వార్డర్. ఆ పేరు ఖైదీలు పెట్టారు. మిగతా వార్డర్లు నడుస్తుంటే తాళాల గుత్తి గలగలమంటుంది. ఈమె మాత్రం గుత్తిని పిడికిట్లో బిగించి పట్టుకుని పిల్లిలా నడిచేది. మనిషి చూస్తే నా భుజం దాకా కూడా రాదు. అయిదుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్లగా పెరిగింది. వాళ్ళు అన్నం దగ్గరా కొట్టుకునేవారు, దుప్పటి దగ్గరా కొట్టుకునేవారు. మధ్యలో దూరి విడదీయడమే ఈమె బాల్యమంతా. ముక్కు అలాగే వంకరపోయింది.

"కొట్టుకునేవాళ్ళ మధ్య దూరడానికి జీతం కూడా ఇస్తారని తెలిసి ఇందులో చేరాను పిన్నీ" అని నవ్వేది.

ఆమెకి మూడో నెల నడుస్తున్నప్పుడు ఇంకో జైలు నిండిపోయిందని కొందరు ఖైదీలను మా దగ్గరికి పంపారు. అందులో ఒకామె పొడుగ్గా, గుంజలా ఉంది. ఆమె బ్లాకులో అడుగుపెట్టిన ఉదయమే కుట్టు షెడ్డులోంచి ఒక అరుపు వినబడింది. ఆ అరిచినదాన్ని అందరూ కత్తెర అంటారు. షెడ్డులో బట్ట కత్తిరించే పని ఆమెదే. మాటా అలాగే ఉంటుంది. కత్తెర పరుగెత్తుకొచ్చి పొడుగామె జుట్టు పట్టుకుని, తలని గోడకేసి కొట్టింది. ఒకసారి కాదు. గోడ మీద సున్నం ఎర్రగా అయ్యేదాకా కొట్టింది. నేను విజిల్ విని వెళ్ళేసరికి తాళాలక్క కత్తెర మెడ చుట్టూ చెయ్యి వేసి వెనక్కి లాగుతోంది. కత్తెర ఆమె ముంజేతిని కొరికేసింది. అయినా తాళాలక్క పట్టు వదల్లేదు.

సంగతేమిటంటే, ఆ పొడుగామె జైలుకి వచ్చిందే కత్తెర చెల్లెల్ని చంపి. కుళాయి దగ్గర వంతు కోసం మొదలైన గొడవలో ఇనుప బకెట్టు ఎత్తి తల మీద మోదింది. అలాంటి ఇద్దరినీ తెచ్చి ఒకే బ్లాకులో పడేశారు. పంపిన వాళ్ళకి ఖైదీలంటే బస్తాలు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించేయడమే.

ఆ తర్వాత తాళాలక్క ఒక పద్ధతి పెట్టుకుంది. ఈ ఇద్దరి తలుపులూ ఒకేసారి తెరుచుకోవు. ఒకరు పెరట్లో ఉంటే ఇంకొకరు షెడ్డులో ఉండాలి. తలుపులు తీసే వరస రోజుకో రకంగా మార్చేది. అదంతా ఆమె బుర్రలోనే ఉండేది.

కడుపు కనబడటం మొదలయ్యాక మాత్రం బ్లాకులో ఓ వింత జరిగింది. కొట్లాటలు ఆగిపోయాయి. ఆ బ్లాకులో సగంమంది తల్లులే, పిల్లల్ని బయట ఎవరెవరి చేతుల్లోనో పెట్టి వచ్చినవాళ్ళు. తాళాలక్క కడుపు వాళ్ళందరి సొత్తయిపోయింది. ఆడపిల్లా మగపిల్లాడా అని పందేలు కట్టారు. ఆమె నడిచే దారిలో తడి ఉంటే తమ చీర కొంగుతో తుడిచేవారు. జుట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఆమె కనబడగానే చేతులు దించేసేవారు. కడుపుతో ఉన్న మనిషి ఎదుట చెయ్యెత్తితే చూస్తూ ఊరుకునేది లేదని వాళ్ళలో వాళ్ళే కట్టడి చేసుకున్నారు.

సెలవు సంగతికి వస్తే, మా దగ్గర ప్రసూతి సెలవు మొత్తం ఒకే మూట. పురుడుకి ముందు ఎంత వాడుకుంటే, తర్వాత బిడ్డ దగ్గర ఉండేది అంత తగ్గుతుంది. చివరి నెలలో పెట్టుకుందామని మొదట ఆమె లెక్క. బిడ్డ కూర్చునేదాకా ఇంట్లో ఉండాలని ఆశ. అందరు ఆడవాళ్ళూ వేసుకునే లెక్కే అది.

ఒకరోజు కుట్టు షెడ్డులో కత్తెర చిన్న జుబ్బా కుడుతూ అడిగింది.

"సెలవు ఎప్పట్నుంచక్కా?"

"నాకు లేని తొందర నీకెందుకే?"

"నువ్వెళ్ళాక ఆ పొడుగుదాని పని చూద్దామని." కత్తెర దారం పళ్ళతో కొరికింది. "నీ ఎదురుగా రక్తం చిందకూడదు. ఆ పాపం బిడ్డకి చుట్టుకుంటుంది. నువ్విక్కడున్నన్నాళ్ళూ దాన్ని వేలితో కూడా ముట్టుకోను. మాటిస్తున్నా. నువ్వు గేటు దాటిన మర్నాడు మాత్రం నన్ను ఆపడానికి ఎవరూ ఉండరు."

కూరగాయల బేరంలా చెప్పింది. ఆ జుబ్బా పూర్తిచేసి చేతిలో పెట్టింది కూడా.

తాళాలక్క నా గదికొచ్చి బల్ల మీద కూలబడింది. ఇద్దరం సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బదిలీకి పైనుంచి ఉత్తర్వు రావాలమ్మా. రాశాం. వస్తుంది. బెదిరింపులకి బదిలీ చేసుకుంటూ పోతే జైల్లో ఎవరూ మిగలరు. అయినా నువ్వుండగా నీ బ్లాకు ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా? ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టావంటే అందరికీ మంచిది."

అంటే ఏమిటి? ఒక ఆడదాని కడుపుని తీసుకెళ్ళి తలుపుకి గడియగా వేశారు.

అలా సెలవు వెనక్కి జరిగింది. మళ్ళీ జరిగింది. కాళ్ళు వాచి బూట్లు పట్టకపోతే ముందువైపు కోసి తొడుక్కొచ్చింది. ఇంట్లో రోజూ యుద్ధమే. ఆమె భర్త లారీల బ్రేకులు బాగుచేస్తాడు, మాట తక్కువ మనిషి. అలాంటివాడు ఓరోజు చేతిలో స్పానరు గోడకేసి విసిరికొట్టాడు. గోడ పెచ్చు ఊడి పడింది.

"ఎవత్తో బతకడం కోసం నా బిడ్డని పణం పెడతావా?"

"నేను ఇంట్లో కూర్చుంటే ఒక మనిషి చస్తుంది. తెలిసి తెలిసి కాళ్ళు చాపుకుని ఎలా కూర్చోమంటావ్?"

"అదీ చంపినదేగా? చస్తే చావనీ!" అని అత్తగారు అందుకుంది. "మీ జైలుకి కాపలా కాయడానికి పుట్టకముందే నా మనవణ్ణి డ్యూటీలో పెట్టావా?"

నిజం చెప్పాలంటే నేనూ అత్తగారి పక్షమే. ఆ మాట తాళాలక్కతో అన్నాను కూడా. తాళాల గుత్తి పిడికిట్లో బిగించి బ్లాకులోకి నడిచింది.

తర్వాత ఒక ఉదయం డ్యూటీలోనే ఆమెకి రక్తం కనబడింది. డాక్టరు చూసి, ఇక మంచం దిగడానికి వీల్లేదు, రేపట్నుంచే సెలవు పెట్టమంది. ఉత్తర్వు మాత్రం ఇంకా రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆస్పత్రి నుంచి ఇంటికి పోకుండా ఆటో కట్టించుకుని నేరుగా నా గదికొచ్చింది.

"పిన్నీ, వార్డర్ మీద చెయ్యి చేసుకున్న ఖైదీని ఏం చేస్తారు?"

"తెలీనట్టు అడుగుతావేం? ఆ పూటే వ్యానెక్కించి ఇంకో జైలుకి తోలేస్తారు."

"పైనుంచి ఉత్తర్వు అక్కర్లేదుగా?"

అప్పుడర్థమైంది నాకు. "ఒసేయ్, కొరివితో తల గోక్కుంటున్నావే! ఈ స్థితిలో దెబ్బ తింటావా?"

"చెంప మీద ఒక్కటే. మా అన్నయ్యలు కొట్టిన దెబ్బల ముందు ఇదొక లెక్కా? పొడుగామెతో మొన్ననే మాట్లాడేశాను కూడా."

పొడుగామె మొదట ఒప్పుకోలేదట. కడుపుతో ఉన్నదాన్ని కొట్టి ఏ నరకానికి పోవాలి అందట. శిక్ష ఎంత పెరుగుతుందని అడిగిందట. పెరుగుతుంది, బతికుంటేగా అనుభవించడానికి అని తాళాలక్క చెప్పిందట. అప్పుడు పొడుగామె చాలాసేపు ఏడ్చి, "మెల్లగా కొడతానక్కా" అందట. "మెల్లగా కొడితే ఎవరు నమ్ముతారే? చప్పుడు అందరికీ వినబడాలి" అని ఈమె కసురుకుందట. ఇది చెబుతూ తాళాలక్క నవ్వింది. నేను నవ్వలేదు. కత్తెర సంగతేమిటని అడిగాను. ఆ సమయానికి షెడ్డులో ఉండేలా చూస్తానంది. అన్నీ ఆలోచించింది, అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆ రోజే, పెరట్లో బట్టలు ఉతుక్కునే వేళ. తొట్టి చుట్టూ బ్లాకు బ్లాకంతా ఉంది. సాక్షులుండాలని తాళాలక్క కావాలనే ఆ వేళ ఎంచుకుంది. పొడుగామె బకెట్టు తన్ని ఏదో తిట్టింది. తాళాలక్క ఎదురెళ్ళింది. చెంపదెబ్బ చప్పుడు తనిఖీ గదిలో ఉన్న నాకు కూడా వినబడింది. ఆ పైన జరగాల్సింది ఒక్కటే, విజిల్, గార్డులు, వ్యాను.

విజిల్ అయితే మోగింది. ఆగకుండా, ఊపిరి ఆడనట్టుగా మోగుతూనే ఉంది. నేను పరుగెత్తాను.

కత్తెర ఒక్కదాని గురించే భయపడి, మిగతా అందర్నీ మరిచిపోయాం మేము. వాళ్ళ తాళాలక్కని, వాళ్ళు కొంగులతో దారి తుడిచిన మనిషిని ఎవత్తో చెంప పగలగొట్టింది. పెరడంతా లేచింది. పొడుగామెని కింద పడేసి ఉతికే బండ మీద తల పెట్టి మోదుతున్నారు. బకెట్లతో కొడుతున్నారు, తడిబట్టలు మెలిపెట్టి మెడకి బిగిస్తున్నారు. ఎప్పుడూ నోరెత్తని ముసలామె ఒకతి గుండెల మీదికెక్కి తొక్కుతోంది. తొట్టి నీళ్ళు ఎర్రబడ్డాయి. గార్డులు లాఠీలతో కొడుతున్నా ఆ చేతులు ఆగడం లేదు.

తాళాలక్క కేకలు పెడుతోంది. "నేనే కొట్టమన్నానే! నేనే! వదలండే దాన్ని!"

"చూడవే ఎంత మంచిదో, కొట్టినదాన్ని కూడా వెనకేసుకొస్తోంది!" అని ఒకతి ఏడుస్తూ అరిచి, ఇంకా గట్టిగా కొట్టింది.

ఆమె మధ్యలో దూరబోయింది. పుట్టినప్పట్నుంచీ చేసిన పనే అది. కానీ ఇద్దరు ఆడవాళ్ళు అటూ ఇటూ చేరి ఆమెని పట్టుకున్నారు. గట్టిగా కాదు. ఒకరి చెయ్యి వీపు మీద, ఇంకొకరి చెయ్యి కడుపు మీద అడ్డంగా ఉంది. "నువ్వు రాకక్కా. నీకు తగులుతుంది. మేం చూసుకుంటాంగా" అంటున్నారు. ఆమె కొరికింది, గోళ్ళతో రక్కింది, మొహాన ఉమ్మేసింది. వాళ్ళు కిమ్మనలేదు, వదల్లేదు. నేను వాళ్ళని లాగి ఆమెని విడిపించేసరికి బండ దగ్గర పని పూర్తయిపోయింది.

షెడ్డు గుమ్మంలో కత్తెర నిలబడి ఉంది. కుట్టు నేర్పే ఆవిడ గోల విని తలుపు తెరిచి పరుగెత్తిందట. కత్తెర చేతిలో బట్ట కత్తిరించే పెద్ద కత్తెర అలాగే ఉంది. పొడుగామె ఆమె కాళ్ళకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పడి ఉంది. కత్తెర గుమ్మం దాటలేదు.

"నేను ముట్టుకోలేదక్కా" అంది కత్తెర. "నువ్వింకా ఇక్కడే ఉన్నావుగా."

వ్యాను వచ్చింది. బదిలీకి తెప్పించిన వ్యానులోనే పొడుగామెని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. దారిలోనే ప్రాణం పోయింది.

ఖైదీలను లోపల వేసి తాళాలు పెట్టేశాక తాళాలక్క బయటికి నడిచింది. ఊచల వెనక నుంచి ఒక్కొక్కరే పిలుస్తున్నారు. చేతులింకా కడుక్కోలేదు. "ఇంక హాయిగా సెలవు పెట్టుకో అక్కా." "పండంటి బిడ్డని కనక్కా." "వచ్చేటప్పుడు మాకు చూపించాలి మరి." నిజమైన ప్రేమతో అన్నారు. అందుకే వాళ్ళని ఇప్పటికీ సరిగ్గా అసహ్యించుకోలేకపోతున్నాను, అది నాకు మరీ కోపం.

నా గదిలో నిలబెట్టి ఆమెని తడిమాను. నిబంధన నిబంధనే. చెంప మీద వేళ్ళ అచ్చులు లేచి ఉన్నాయి. పొడుగామె మాట నిలబెట్టుకుంది, గట్టిగానే కొట్టింది. ఏదో ఒకటి మాట్లాడవే అన్నాను. తాళాల గుత్తి తీసి నా బల్ల మీద పెట్టింది.

"నన్ను ఎంత మెత్తగా పట్టుకున్నారో పిన్నీ" అంది. "మా అమ్మ కూడా ఎప్పుడూ అలా పట్టుకోలేదు."

ఆ మధ్యాహ్నం నుంచే సెలవు రాశారు.