చెవుల మేస్త్రి వేసిన ఫ్లోరు

మా వదిన వ్యానులో వెళుతుండగా నా కుడికాలు రోడ్డు మీద పడింది. మిగతా నేను సీటులోనే ఉన్నాను. సందు మలుపు కాబట్టి వ్యాను నెమ్మదిగా పోతోంది. దానితోపాటు నేనూ ఒంటికాలితో ఓ నాలుగడుగులు నడిచాను. ఆ నడకలో ఒక చెప్పు పోయింది. వదిన నావైపు చూసి, "దిగాలంటే చెప్పొచ్చుగా, ఆపేదాన్ని" అంది.

"నేను దిగలేదు వదినా, నీ వ్యానే దింపింది."

కాలికి ఏమీ కాలేదు. వ్యాను ఫ్లోరులో పడ్డ కన్నానికి మాత్రం మేస్త్రి కావలసి వచ్చాడు.

వదినది మొక్కల వ్యాపారం. కుండీలను వ్యానులోకి ఎక్కించాక, బయల్దేరేముందు అక్కడే నీళ్ళు పోసేస్తుంది. పదకొండేళ్ళు ఆ నీళ్ళు తాగి తాగి ఫ్లోరు రేకు అప్పడంలా అయింది. కన్నాలు పడ్డాక నీళ్ళు నిలవడం లేదని ఆవిడ సంతోషించింది కూడా.

బండిని తీసుకెళ్ళిన షెడ్డులో ఇద్దరు భాగస్వాములు. రేకు పని మేస్త్రిది, రంగు పని ఆయన బావమరిదిది. మేస్త్రిని అందరూ చెవుల మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు. చిన్న సుత్తితో రేకు మీద కొట్టి, శబ్దాన్ని బట్టి తుప్పు ఎంతదాకా పాకిందో చెప్పేస్తాడు. చిన్నప్పుడు మేనమామ దగ్గర రేకు పెట్టెలు చేస్తూ నేర్చిన విద్య. ఆయన భార్య మాత్రం, "రేకు గుసగుసలాడితే వినపడుతుంది, నేను కేకేస్తే వినపడదు" అంటుంది.

ఆరు నెలల కిందట నిచ్చెన మీంచి పడి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పినా చెయ్యి మునుపటిలా తిరగడం లేదు. మేము వెళ్ళినరోజు పెయింటరు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"బావ చేతికి వెల్డింగు నిలవదండీ. ఆయన వేస్తే అది ఫ్లోరు కాదు, జల్లెడ. కుర్చీ వేస్తాను, కూర్చుని ఫోన్లు ఎత్తమన్నాను. రేకు పనికి వేరే మనిషిని చూశా."

వ్యాను కిందనుంచి మేస్త్రి గొంతు వచ్చింది. "జల్లెడన్నావు, వినపడింది."

"వినపడాలనే అన్నాను బావా."

"ఈ ఒక్క బండీ చెయ్యనీ. నిలవకపోతే నీ కుర్చీ నేనే తుడుచుకుని కూర్చుంటాను."

ఆయన సుత్తితో ఫ్లోరంతా కొట్టి చూశాడు. తరవాత తలుపుల కింద పొడవునా ఉండే బోలు పట్టీల మీద కొట్టాడు. ఎక్కడా మోగలేదు, అన్నీ మూలిగాయి. ఆ పట్టీల మీదే బండి నడుము నిలబడుతుందట. ఫ్లోరుతోపాటు అవీ మార్చాలన్నాడు. పైన పుట్టీ పూసి రంగేస్తే సరిపోదా అని వదిన అడిగింది. "పుచ్చిపోయిన పన్నుకి సున్నం వేస్తే నమల్లేమమ్మా" అన్నాడు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పట్టీ కోసేముందు తలుపు ఉండే ఖాళీలో అడ్డంగా ఇనుప రాడ్డు వెల్డింగు చేయాలి. లేకపోతే బండి నడుము జారి, తలుపు మళ్ళీ పడదు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆ రాడ్డు మరిచింది లేదు. కుడివైపు పెట్టాడు. ఎడమవైపుకు వచ్చేసరికి మణికట్టు లాగుతోంది. ఉన్న ఓపిక అసలు పనికి దాచుకుందామనుకున్నాడేమో, రాడ్డు మానేసి కోసేశాడు. కొత్త పట్టీ పెట్టి, ముందుగా అక్కడక్కడా వెల్డింగు టాకాలు వేసి తలుపు మూశాడు. తలుపు ఒక వేలెడు కిందకు దిగి ఆగిపోయింది.

పెయింటరు చూశాడు. లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి గోడ పక్కన వేశాడు.

మేస్త్రి ఆ కుర్చీకేసి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, గ్రైండరు అందుకున్నాడు. వేసిన టాకాలన్నీ కోసేశాడు. జాకీతో బండి నడుము ఎత్తాడు, మొదట వేయవలసిన రాడ్డు ఇప్పుడు వేశాడు.

"చెయ్యి మాట వినటం లేదని చెప్పానా బావా?"

"తప్పు చేసింది చెయ్యి కాదురా, బుర్ర. దానికి కట్టు కట్టలేదుగా, అందుకే కాస్త వదులైంది."

రెండు రోజుల పని నాలుగు రోజులైంది. నేను రోజూ ఏదో వంకతో వెళ్ళాను. మేస్త్రి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అంగుళం వేసి ఆగి, మళ్ళీ అంగుళం వేసేవాడు. వేసిన ప్రతి అతుకునూ సుత్తితో కొట్టి విన్నాడు. నచ్చనిదాన్ని కోసి మళ్ళీ వేశాడు. ఆఖరిరోజు ఎడమ తలుపు తోశాడు. కొత్త డబ్బాకు మూత పడ్డట్టు పడింది. మరోసారి తీసి మూశాడు. మూడోసారి పెయింటరు వచ్చి మూశాడు.

"తలుపు సరే బావా. ఫ్లోరు సంగతి నీళ్ళు పడ్డాక చెబుతా" అన్నాడు. కుర్చీ మాత్రం అక్కడే ఉంచాడు.

బండి అప్పగిస్తూ మేస్త్రి, మూలల్లో రెండు రబ్బరు బిరడాలు పెట్టానని, నీళ్ళు పడితే అవి లాగమని వదినకు చెప్పాడు. వదిన ఆ సమయంలో కొత్త రంగు చూసుకుంటోంది.

వారం తరవాత కుండీలు ఎక్కించి, అలవాటు చొప్పున బక్కెట్లతో నీళ్ళు పోసింది. కాసేపటికి సీటు ముందు నా చెప్పులు తేలాయి. కొత్త జత. వదిన వ్యానును నేరుగా షెడ్డుకు పోనిచ్చింది. పెయింటరు లోపల గోడ వెనక రంగు కొడుతున్నాడు. మేస్త్రి బయటే, ఆ కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని రేకు కొలుస్తున్నాడు.

"ఏం పని మేస్త్రీ ఇది? రెండు బక్కెట్లు పోశాను, గంటైంది, చుక్క బయటికి పోలేదు."

మేస్త్రి కాళ్ళు దించి, గోడవైపు చెయ్యి చూపించాడు.

"ఆ మాట కాస్త మా బావమరిదికి వినపడేలా ఇంకోసారి అనండమ్మా."