హనుమాన్ జంక్షన్ దగ్గర చెదిరిన కవాతు

1999 వేసవిలో విజయవాడలోని ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబు నుంచి నన్ను జువాలజీ విభాగం పనికి వేశారు. హోదా ల్యాబ్ అసిస్టెంటు, చేసేది ప్రోగ్రామరు పని. పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవాడికి ఆ పేరు ఎవరిస్తారు?

పని లెక్చరర్ మెహరున్నీసా గారి పీహెచ్‌డీది. జీవకణంలో సన్నటి దారాల వెంట సరుకు మోస్తూ అడుగులేసే ప్రోటీన్లుంటాయి. వాటిని మోటార్లంటారు. అవి కలిసికట్టుగా నడుస్తాయా అన్నది ఆవిడ ప్రశ్న. దారాన్ని గడుల వరుసగా రాసుకున్నాం. ముందు గడి ఖాళీ అయితే మోటారు అడుగేస్తుంది, లేకపోతే ఆగుతుంది. ఈ పద్ధతిని సెల్యులార్ ఆటోమేటా అంటారు. ప్రోగ్రాంలో గడులను ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటే చూసుకుంటూ రమ్మన్నది విభాగం పెద్ద, హెచ్‌ఓడీ గారే. ఆవిడ గైడు కూడా ఆయనే. తెర మీద మోటార్లన్నీ కవాతులా ఒక్కసారే కదిలాయి. ఆ బొమ్మను ఆయన సెమినారుకు ఖాయం చేశారు. థీసిస్ అంతా దాని మీదే నిలబడింది.

సెమినారు వారంలోకి వచ్చింది. మెహరున్నీసా గారు ఏలూరు నుంచి బస్సులో వచ్చేవారు. ఆ రోజు ఆలస్యంగా వచ్చి, బ్యాగు కూడా దించకుండా మొదలుపెట్టారు.

"హనుమాన్ జంక్షన్లో లారీల వెనక ఇరుక్కుపోయామండీ. ముందు లారీ కదిలిన ఎంతసేపటికో గాని మా బస్సు కదల్లేదు. మరి మన మోటార్లన్నీ ఒకేసారి ఎట్లా కదుల్తున్నాయండీ? ఇవేమన్నా రైలు పెట్టెలా?"

ఇద్దరం ప్రోగ్రాం విప్పాం. ముందున్నది జరగగానే, అదే విడతలో, వెనకది ఖాళీ చూసి జరుగుతోంది. దాని వెనకదీ అంతే. మేం గడులను చూసే క్రమమే కవాతు చేయిస్తోంది. విడత మొదట్లో ఉన్న పాత వరుసనే చూసి, అడుగులన్నీ విడిగా కొత్త వరుసలో రాసేలా మార్చాను. కవాతు చెదిరి గుంపులు మిగిలాయి. లారీల మధ్య సందులా ఖాళీ ఒక్కో గడీ వెనక్కి పాకింది.

హెచ్‌ఓడీ గారు చూశారు. "బాగున్న బొమ్మని కెలకడం ఎందుకమ్మా? సెమినార్లో ఎవరడుగుతారు?"

"నేనడుగుతున్నాను కద సార్."

ఆయన నావైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వేనా ఈవిడకి ఇదంతా ఎక్కించింది?"

"హనుమాన్ జంక్షన్ సార్," అన్నాను. ఆయన నవ్వలేదు.

సెమినారు నుంచి ఆవిడ పేరు తీసేశారు. థీసిస్ మీద ఆయన సంతకం పెట్టలేదు. అది వేరే గైడు కింద, రెండేళ్లు ఆలస్యంగా యూనివర్సిటీకి వెళ్లింది. అందులో కవాతు ఊసు లేదు, రద్దీ మీద ఒక అధ్యాయం ఉంది. పాత బొమ్మకు మాత్రం హెచ్‌ఓడీ గారు ఫ్రేము కట్టించుకున్నారు, ఆయన రిటైరయ్యేదాకా అది ఆయన గది గోడకే ఉంది. ఫైలు పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఒళ్లు మండేది. ఇప్పటికీ చల్లారలేదు.

తెర మీద అన్నీ కలిసి నడుస్తుంటే, ముందు మనం చూస్తున్న క్రమాన్ని అనుమానించాలి. క్రమం మార్చి చూసినా అలాగే నడిస్తే అప్పుడు నమ్మొచ్చు.