ఇంట్లో ఒకే భాష

మొన్న ఆదివారం మధ్యాహ్నం మావాడి ట్యాబ్‌లో కొత్త యాప్ ఒకటి వేశాను. బొమ్మ మీద వేలు పెడితే ఆ బొమ్మ పేరు పైకి పలుకుతుంది. నోటిమాట కష్టమైన పిల్లలు దానితో తమకేం కావాలో చెప్పుకోవచ్చని, జగదల్‌పూర్‌లో వాణ్ణి చూసే మేడమ్ చెప్పింది. యాప్ తెరుచుకోగానే అడిగిన మొదటి ప్రశ్నే "మీ భాష ఎంచుకోండి" అని. హిందీ పైన ఉంది, తెలుగు కిందెక్కడో ఉంది. నా వేలు ఆ రెంటి మధ్య గాలిలో ఆగిపోయింది. వంటింట్లోంచి పాలు మాడిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఈ ప్రశ్నకి ఒకప్పుడు నేను చాలా ధీమాగా జవాబు చెప్పి ఉన్నాను.

మాది బచేలి. ఇనుప ఖనిజం తవ్వే కొండ కింద కంపెనీ కట్టిన టౌన్‌షిప్పు. మా మామగారు గని మొదలైన కొత్తలో శబరి ఏటి ఒడ్డున ఉన్న కుంట వైపు నుంచి పనికి వచ్చిన మనిషి. మావారు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడి వర్క్‌షాపులోనే డంపర్లు బాగుచేస్తున్నారు. నేను మాత్రం కోస్తా నుంచి పెళ్ళి చేసుకుని వచ్చాను, ఇంటర్ తప్పిన మరుసటి ఏడు. ఈ ఊళ్ళో నాకు దొరికిన పెద్ద ఆస్తి క్లబ్బు వెనకాల ఉన్న లైబ్రరీ. కొండ మీది ఎర్రదుమ్ము కిటికీల్లోంచి వచ్చి పుస్తకాల అట్టల మీద పేరుకునేది, ఏ పుస్తకం తీసినా వేళ్ళు కుంకుమ భరిణెలో ముంచినట్టు అయ్యేవి. రిటైరై ఊళ్ళకు వెళ్ళిపోయే తెలుగువాళ్ళు సామాను బరువు తగ్గించుకోవడానికి వదిలేసిన పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. వంటలు, హోమియో, ఖగోళం, సగం చిరిగిన డిటెక్టివ్ నవలలు. ఏదీ వదల్లేదు. హంతకుడెవరో చివరి పేజీల్లో లేకపోతే నేనే తేల్చుకునేదాన్ని. ఆ బీరువా అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని హిందీ బీరువా మీద పడ్డాను. లైబ్రేరియన్ నన్ను చూసి "మేడమ్ తో రీసెర్చ్ కర్ రహీ హై" అని, నేనేదో పరిశోధన చేస్తున్నట్టు అందరికీ చెప్పేవాడు. నేను కాదనేదాన్ని కాదు. డిగ్రీ లేనివాళ్ళకి అలాంటి మాట ఒకటి దొరికితే చాలాకాలం కడుపు నిండి ఉంటుంది.

మావాడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు. చెప్పులన్నీ గోడ వెంట వరసగా పేర్చి, అందులో ఒకటి కదిలితే గంటసేపు ఏడ్చేవాడు. మూడేళ్ళు దాటినా ఒక్క మాట లేదు. వైజాగ్‌లో డాక్టరు ఆటిజం అన్నాడు. ఇంకొకరైతే తిరిగి వచ్చీ రాగానే దంతెవాడ గుడికి వెళ్ళి ఉండేవారు. నేను లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ పిల్లల పెంపకం మీద అట్ట ఊడిపోయిన పాత హిందీ పుస్తకం ఒకటి కనిపించింది. మాటలు ఆలస్యమైన పిల్లలున్న ఇంట్లో ఒకే భాష మాట్లాడాలని, లేకపోతే పిల్లవాడు తికమకపడతాడని అందులో ఉంది. నాకు చీకట్లో స్విచ్చి దొరికినట్టయింది. నిజమే కదా! నేను అన్నం అంటాను, మా అత్తగారు బువ్వ అంటారు, పనికి వచ్చే అమ్మాయి ఇక్కడివాళ్ళ హల్బీ భాషలో భాత్ అంటుంది, పక్క క్వార్టరు వాళ్ళు చావల్ అంటారు. కంచంలో ఉన్నది ఒకటే. పసివాడు ఏదని పట్టుకుంటాడు? రేపు బడి హిందీలోనే, డాక్టర్లూ హిందీలోనే, కాబట్టి ఇల్లూ హిందీలోనే ఉండాలి అని నిర్ణయించాను.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ మాట్లాడకుండా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మనుషులు లేకపోతే పొయ్యితో మాట్లాడేవారు, బల్లితో మాట్లాడేవారు, ఖనిజం మోసుకుపోయే గూడ్సు బండి ఆలస్యమైతే దాన్ని కూడా కోప్పడేవారు. నలభై ఏళ్ళకు పైగా బచేలిలో ఉన్నా ఆవిడకు వచ్చిన హిందీ సంతలో బేరం ఆడేంతే. అక్కడ కూడా ఆవిడ తెలుగులో తిట్టేవారు, అమ్మేవాళ్ళు హల్బీలో తిట్టేవారు, చివరికి ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోయేవారు. మనవడికి స్నానం చేయిస్తూ ఆవిడ చెప్పే మాటలకు అంతు ఉండేది కాదు. "ఇగో, ఇది ఎడమ కాలు. దీనికి కోపం జాస్తి, ముందు దీన్నే కడగాల. కుడికాలు మంచిది, ఊకుంటది" అంటూ వేలివేలికీ ఒక గుణం అంటగట్టేవారు. వాడు ఎటో చూస్తూ ఉండేవాడు. ఆవిడ పట్టించుకునేవారు కాదు.

భోజనాల దగ్గర నా నిర్ణయం చెప్పాను. మావారు ముద్ద కలుపుతూ ఆగారు. "అమ్మకి హిందీ ఎక్కడొచ్చే?" అన్నారు.

"నేర్చుకుంటారు. వాడికోసం ఆ మాత్రం చెయ్యరా?" అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

అత్తగారు మజ్జిగ వంచుతూ నావైపు చూశారు. "నేను నోరు మూసుకుంటే పిలగాడికి మాటలొస్తయంటే, ఆ మూసుడేందో మూస్త తియ్యి. దానికింత పంచాయితేంది?" అన్నారు.

నిజానికి ఆవిడ వెంటనే మూసుకోలేదు. మర్నాడు స్నానాల గదిలోంచి ఆవిడ గొంతు వినపడింది. "బేటా, కిత్నా?" అని నీళ్ళు పోశారు. "బీస్? నై నై, పందరా మే దో" అని సబ్బు రుద్దారు. సంతలో ఇరవై అంటే పదిహేనుకి ఇమ్మని ఆడే బేరమే అది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. అలా కొన్నాళ్ళు వాడి చేతులకూ కాళ్ళకూ బేరం నడిచింది. ఒకనాడు ఆవిడే తువ్వాలు దులుపుతూ బయటికి వచ్చి, "ఎంతసేపని బేరమాడను పిల్లా, ఒక్కటన్న కొనకుండ?" అన్నారు. ఆ తర్వాత వాడి ముందు ఆవిడ గొంతు వినపడలేదు.

మాట అలవాటైన మనిషి మాట ఆపుకోవడం దగ్గరనుంచి చూసినవాళ్ళకే తెలుస్తుంది. "అయ్యా..." అని నోటిదాకా వస్తుంది, పెదవులు రెండూ బిగుసుకుంటాయి, గొంతు ఒకసారి కిందికి దిగుతుంది. అన్నం తినిపించేటప్పుడు తన నోరు తెరిచి చూపించేవారు. బయటికి వెళ్దామంటే చెప్పులు చూపించేవారు. పక్క క్వార్టరావిడ గోడ మీదుగా "అమ్మాజీ కో క్యా హో గయా? మౌన్ వ్రత్ హై క్యా?" అని నన్నడిగింది. నేను పుస్తకంలో చదివింది ఆవిడకు అరగంట వివరించాను. చింతపండు రోజుల్లో అత్తగారు వరండాలో కూర్చుని గింజలు తీస్తుంటే, వాడు పక్కన చేరి ఆ గింజలను వరసలు పేర్చేవాడు. మెల్లిగా ఆవిడ మోకాలికి వీపు ఆనించడం మొదలుపెట్టాడు. ఎవరినీ తాకనివ్వని పిల్లవాడు! నా సూత్రం పనిచేస్తోందని మావారితో గర్వంగా చెప్పాను. ఆయన సరేనన్నట్టు తలూపి, "ఇల్లు మాత్రం ఎవరో పోయినట్టుంది" అన్నారు.

ఏడాది పైన గడిచింది, వాడికి ఐదేళ్ళు వచ్చాయి. మాట రాలేదు. జగదల్‌పూర్‌లో మాటలు నేర్పే మేడమ్ ఒకామె కూర్చుంటోందని తెలిసి వాణ్ణి బస్సులో తీసుకువెళ్ళాను. దారిలో గీదం ఊరు వచ్చేదాకా ఏడ్చాడు, అక్కణ్ణుంచి నిద్రపోయాడు. ఆ అమ్మాయికి నాకంటే పదేళ్ళు తక్కువ ఉంటాయి. ఇంట్లో ఏ భాష అని అడిగింది. హిందీ, అది కూడా ఒక్క హిందీయే అని చెప్పి మెచ్చుకోలు కోసం చూశాను.

"మీకు కోపం వస్తే ఏ భాషలో తిడతారు?" అని హిందీలోనే అడిగింది.

"తెలుగులో."

"మరి ముద్దు కూడా ఆ భాషలోనే చెయ్యండి. రెండు మూడు భాషలు వింటే వాడికి వచ్చే నష్టం ఏమీ లేదు. ఇంట్లో ఎవరికి ఏది హాయిగా వస్తే అదే మాట్లాడమనండి."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని, అత్తగారికి ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కున్నాను. పుస్తకం పాతదనీ, శాస్త్రం మారుతూ ఉంటుందనీ, ఇలా ఏవేవో. ఇంటికి వచ్చాక అవేవీ నోట రాలేదు. "అత్తయ్యా, ఇక మీరు వాడితో మాట్లాడొచ్చంట" అన్నాను. ఆవిడ "ఔనా?" అని, చేతిలో చీపురు గోడకు ఆనించి, కొంగుతో మూతి తుడుచుకున్నారు, ఎవరింటికో బయలుదేరినట్టు. వాడి ముందు కూర్చుని "అయ్యా, నా బంగారు కొండా, పట్నం చూసొచ్చినవారా?" అన్నారు. వాడు తిరిగి చూశాడు. దగ్గరికి వచ్చాడు. వచ్చి, అరచేయి ఎత్తి ఆవిడ నోటికి అడ్డంగా పెట్టాడు.

ఆవిడ ఆగిపోయారు. కాసేపటికి వాడి చేతిని మెల్లిగా పక్కకు తీసి మళ్ళీ "అయ్యా" అన్నారు. మళ్ళీ చేయి.

అప్పుడు నేను నోరు తెరిచాను. "శబ్దం వాడికి కష్టం అత్తయ్యా. మీ నిశ్శబ్దానికి అలవాటు పడ్డాడు. వద్దంటున్నాడు. ఇలాంటి పిల్లలు ఇలా చేస్తారని చదివాను."

"చదివినవా?" అన్నారు ఆవిడ. ఆ మాటలో వెటకారం లేదు. "అయితే సరే. పిలగాడికి ఎట్ల సుఖమైతే అట్లనే కానీ." నవ్వి, "వీడు నీకన్న గట్టోడు పిల్లా. నువ్వు చెప్పి మూయించినవు, వీడు చేత్తోనే మూసిండు" అన్నారు. మావారు కూడా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

తర్వాత నాలుగేళ్ళు మా ఇల్లు అలాగే నడిచింది. మాతో ఆవిడ మునుపటిలాగే మాట్లాడేవారు. వాడు గదిలోకి వస్తే మాత్రం వాక్యం మధ్యలో కరెంటు పోయినట్టు ఆగేవారు. నేను వాడితో తెలుగులో మాట్లాడాను, మావారు మాట్లాడారు, వాడికి మెల్లమెల్లగా కొన్ని మాటలు వచ్చాయి. నీళ్ళు, బస్, నై, అమ్మ. ఆవిడ ఒక్కరే వాడి దగ్గర మూగగా మిగిలారు. ఒకరోజు మధ్యాహ్నం బట్టలు తీసుకుని లోపలికి వస్తుంటే, నిద్రపోతున్న వాడి తలగడ పక్కన కూర్చుని ఆవిడ మాట్లాడటం విన్నాను. శబరి ఒడ్డున తను పుట్టిన ఊరి సంగతి, ఏటిలో పడవ తిరగబడిన సంగతి, వాడి తాత గనిలో తొలి జీతంతో తెచ్చిన రేడియో సంగతి, వరసపెట్టి, గుసగుసగా, విసనకర్ర ఊపుతూ. వాడు అటు ఒత్తిగిల్లితే చటుక్కున ఆగి, ఊపిరి నిలకడగా వచ్చేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టారు. బట్టల మూట పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్ళి ఏమని చెప్పను? తర్వాత ఒకసారి ఏడుస్తూ "నావల్లే ఇదంతా" అన్నాను. "ఏందా ఏడుపు? పిలగాడి కోసం చేసినవు. నాకేమన్న సున్నం పెట్టినవా?" అని కసిరారు. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

పోయిన వానాకాలం మొదట్లో, వాడికి తొమ్మిదేళ్ళప్పుడు, సంత నుంచి మావారు బోడా తెచ్చారు. తొలి వానలకు సాల్ చెట్ల కింద మట్టిలో పెరిగే పుట్టగొడుగులు అవి. గోళీలంత ఉంటాయి, ఒక్కోదానికి దానంత మట్టి. అత్తగారు వరండాలో బేసిన్ ముందు కూర్చుని కడుగుతుంటే వాడు వచ్చి పక్కనే గొంతుక్కూర్చుని నీళ్ళలో చేతులు ఆడిస్తున్నాడు. వాన హోరు, చేతినిండా పని. ఆవిడ మరిచిపోయారు. "ఏంది మీకీ మట్టి? తల్లి కడుపులోంచి ఇట్లనే వచ్చిన్రా?" అని బోడాలను కోప్పడ్డారు. వాడి చేయి లేచింది. మట్టితో, నీళ్ళోడుతూ వచ్చి ఆవిడ నోటి మీద వాలింది. ఆవిడ ఎప్పటిలా ఆగిపోయారు.

వాడు చేయి తీయలేదు. రెండో చేత్తో ఆవిడ బుగ్గ మీద తట్టాడు. ఆగి, మళ్ళీ తట్టాడు. ఆవిడ వాడి అరచేతి కిందనుంచే "ఏందయ్యా?" అన్నారు. వాడి ముఖం మారింది. కళ్ళు ఆవిడ పెదవుల మీదే ఉన్నాయి. మళ్ళీ తట్టాడు. "మట్టి" అన్నారు ఆవిడ. తట్టాడు. "వాన. బోడా. నీ నాయన తెచ్చిండు." మాట కదిలినప్పుడల్లా వాడి వేళ్ళు ఆ కదలికను పట్టుకోవడానికి ఇంకాస్త దగ్గరికి జరుగుతున్నాయి. వద్దంటున్న చేయి కాదది. ఎప్పుడైనా వద్దందో లేదో నాకు తెలియదు, ఎందుకంటే ఆ మొదటిరోజే దానికి అర్థం చెప్పేసింది నేను. చెప్పకుండా ఉంటే, మూడోసారో నాలుగోసారో ఆవిడే కనిపెట్టి ఉండేవారు.

ఆవిడ మూతినిండా మట్టితో నావైపు తిరిగారు. "ఏంది పిల్లా, ఇది నీ పుస్తకాలల్ల లేదా?" అన్నారు. పకపకా నవ్వారు. ఆ నవ్వు కూడా వాడు చేతిలోకి తీసుకున్నాడు.

ఇప్పుడు ఆవిడ వాడితో రోజంతా మాట్లాడుతున్నారు, వాడి చేయి నోటి మీద ఉంటే మరీ ఎక్కువగా. వింటూ సంతోషించాల్సిన దాన్ని, నేను లెక్కలు వేసుకుంటూ ఉంటాను. ఐదేళ్ళవాడి ఎడమకాలికి కోపం ఉంటుంది, వేలివేలికీ ఒక గుణం ఉంటుంది. తొమ్మిదేళ్ళవాడు తన కాళ్ళు తనే కడుక్కుంటాడు. ఐదేళ్ళవాడికి చెప్పాల్సిన మాటలు ఐదేళ్ళవాడితోనే వెళ్ళిపోయాయి; ఎంత చదివినా, ఆ పసివాడు ఏ వైపు వెళ్ళాడో నాకు తెలియదు.