లీటరు అన్న ఒక్క మాట

రత్నమాలకు కోపం వస్తే వాడంతటికీ వినిపిస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాల వాడన్నాక ఇదేం చిన్న సంగతి కాదు. నలభై మగ్గాలు ఒక్కసారిగా టకటకలాడుతుంటే మామూలు మనిషి గొంతు చించుకున్నా పక్కింటివాడు తలెత్తడు. ఆమె అరిస్తే మాత్రం మగ్గం ఆపి మరీ బయటికొస్తారు.

ఆ కోపం ఇవాళ్టిది కాదు. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి పక్కన పెరిగి, పట్టుబట్టి జగిత్యాలకు పోయి ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివింది. అక్కడ ఒక సారు కణత్వచం పాఠం చెప్పాడు. చెప్పాడంటే, గైడు చూసి నోట్సు రాయించాడు. రాస్తూ రాస్తూ ఈ పిల్ల లేచి నిలబడింది.

"సార్, ఉప్పు లోపటికి రావాల్నా వద్దా అని గా పొరకు ఎట్ల తెలుస్తది?"

"అది పరీక్షలో రాదు. కూర్చో," అన్నాడాయన.

చెప్పడానికి జీతం తీసుకుంటూ చెప్పని మనిషి మీద ఆమెకు పుట్టిన మంట ఇప్పటికీ ఆరలేదు. ఆ జవాబేదో లైబ్రరీలో తనే వెతుక్కుని చదువుకుంది. పెళ్లయి సిరిసిల్లకు కోడలిగా వచ్చింది. పదమూడేళ్లుగా ఆశా కార్యకర్త. పేదవాళ్లకు ఎవరూ ఏదీ విడమరిచి చెప్పరని, మనుషులను గొడ్లలా తోలుతారని రోజుకొక్కసారైనా ఎవరో ఒకరి మీద విరుచుకుపడుతుంది.

మొన్న మే నెలలో, నెత్తి మాడిపోయే ఎండల్లో, ఆమె మార్కండేయులు ఇంటికి వెళ్లింది. మార్కండేయులుకు డెబ్బై దాటాయి. అల్లుడు దుబాయిలో ఉన్నాడు. బిడ్డ కల్యాణి, రెండేళ్ల మనుమరాలు జమున ఆయన దగ్గరే ఉంటారు. పిల్లకు ముందురోజు సాయంత్రం నుంచి విరేచనాలు. కల్యాణి చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయింది. ఇంట్లో ముసలాయన, పిల్ల.

రత్నమాల సంచిలోంచి రెండు ఓఆర్ఎస్ పొట్లాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "మామా, గీ పొడి నీళ్లల్ల కలిపి పిల్లకు తాపు. మాటిమాటికి తాపు."

పొట్లాలు ఇచ్చినట్టు ఫోటో తీసి ఫోన్లో పంపాలని పైవాళ్ల హుకుం. మొహమూ పొట్లమూ రెండూ కనపడాలి. మార్కండేయులు మొదటిసారి పొట్లాన్ని తిరగేసి పట్టుకున్నాడు. రెండోసారి కళ్లు మూసుకున్నాడు. మూడోసారి కుదిరింది. ఫోటో పోయేదాకా రత్నమాల గడపలోనే నిలబడి, పోగానే పక్కింటికి నడిచింది.

మార్కండేయులుది నలభై ఏళ్లు సైజింగులో గంజి కాసిన చెయ్యి. పడుగు నూలుకు గంజి పట్టించడంలో ఆయన మాటకు తిరుగులేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, పల్చగా ఉందంటే పల్చగా ఉన్నట్టే. పల్చటి గంజి పెడితే మగ్గం మీద పోగు పుటుక్కున తెగుతుంది. చిక్కటి గంజి పెడితే నూలుకు బలం. ఇది ఆయనకు ఊపిరి పీల్చినంత సహజమైన సంగతి. నీరసపడ్డ పిల్లకు బలం కావాలి, చేతిలో బలం పొడి ఉంది. చిన్న స్టీలు గ్లాసులో పొట్లం మొత్తం వంపాడు, వేళ్ల మధ్య రాసి చూసుకున్నాడు, తృప్తిపడ్డాడు. చెంచాతో ఓపిగ్గా తాగించాడు. అది అయిపోయాక రెండో పొట్లమూ అలాగే కలిపాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు కల్యాణి వచ్చేసరికి పిల్ల కళ్లు లోపలికి పోయాయి. గుక్కపట్టి ఏడుస్తోంది కానీ కంట్లో చుక్క లేదు. కబురందిన రత్నమాల పరుగెత్తుకొచ్చి, గ్లాసు అడుగున మిగిలినది నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఎన్ని నీళ్లు పోసినవ్ మామా?"

"గీ గ్లాసెడు."

"ఒక్క పొట్లానికి లీటరు నీళ్లు పొయ్యాలె! లీటరు!"

"పల్చగయితే ఏం పట్టుతది బిడ్డా?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక.

ఆటోలో పిల్లల దవాఖానకు తీసుకుపోయారు. కుర్ర డాక్టరు చకచకా సూది పెట్టాడు, సెలైను నెమ్మదిగా ఎక్కేలా చూశాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. నోటితోనే వచ్చింది చిక్కంతా. జరిగింది వినగానే వరండాలో పదిమంది ముందు ముసలాయన వైపు వేలు చూపించి, "ఈయన్ని ఇంకోసారి పిల్లను ముట్టుకోనివ్వకండి. విషం పెట్టినంత పని చేశాడు. చదువూ సంధ్యా లేకపోతే ఇంతే," అన్నాడు.

మార్కండేయులు గోడకు ఆనుకుని రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

రత్నమాల ఒళ్లు భగ్గుమంది. ఖాళీ పొట్లాన్ని డాక్టరు మొహం ముందు పెట్టింది. "సార్, ఎన్ని నీళ్లు పొయ్యాల్నో గిండ్ల ఏడ రాసున్నదో చదివి గాయనకు వినిపియ్యున్రి."

డాక్టరు దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు, కళ్లద్దాలు తీసి ట్యూబులైటు కిందికి పట్టుకున్నాడు. చీమతలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో.

"మీకే కనపడ్తలేదు. నేతపనోళ్లకు గిట్ల రాసిస్తే ఎట్ల తెలుస్తది? గాళ్ల పిల్లలకు విరేచనాలు గావనుకున్నరా? తెలుగుల ఇంతింత అక్షరాలు రాస్తే మీ సొమ్మేం పోయింది?"

"నేను అచ్చు వేయించానా అమ్మా? బయటికెళ్లు," అన్నాడు డాక్టరు. ఆమె వెళ్లింది కానీ, వెళ్తూ వెళ్తూ దవాఖాన మొత్తాన్నీ దులిపేసింది. వరండాలో వాళ్లంతా బాగా అడిగిందన్నారు.

మూడోరోజు జమున నవ్వుతూ ఇంటికొచ్చింది. కానీ మార్కండేయులు మారిపోయాడు. పిల్ల తూలుకుంటూ దగ్గరికొస్తే లేచి అవతలికి పోతాడు. ఎత్తుకొమ్మని ఏడ్చినా చేతులు చాపడు. "బాపు అన్నం గూడ సక్కగ తింటలేడు వదినా," అంది కల్యాణి.

రత్నమాల వెళ్లి ఆయన ముందు కింద కూర్చుంది.

"నువ్వు విషం పెట్టలే మామా. ఇను. పేగుల కంటికి కనపడని సన్నసన్న కణాలుంటయి. ఒక్కోదాని చుట్టు పల్చటి పొర ఉంటది."

"మల్లు బట్ట అసొంటిదా?"

"బట్ట గాదు. బట్టకు అంతట సందులే. ఇది కొవ్వు పొర, రెండు వరుసలు ఆనిచ్చినట్టు. ఉప్పు, చక్కెర గా పొరలకెల్లి ఊకెనే దూరయి. నడుమ నడుమ ప్రొటీన్ల దర్వాజలుంటయి. ఒక దర్వాజకు ఉప్పు, చక్కెర జోడుగ రావాలె. ఒక్కటే వస్తే దర్వాజ తెరుసుకోదు. జోడుగ పోతే ఎంబడి నీళ్లు పోతయి. విరేచనాలప్పుడు గూడ గా దర్వాజ బందు గాదు. గందుకే పొడిల రెండూ కలుపుతరు."

"మరి చిక్కగయితే?"

"ఉప్పు, చక్కెర ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు గుంజుకపోతయి. పేగుల చిక్కగున్నది. పిల్ల ఒంట్ల నీళ్లే పేగుకు ఎల్లినయి. లోపటికి పోయిన ఉప్పు నెత్తురుల ఎక్కువై కడమ కణాలల్ల నీళ్లను గూడ గుంజింది. గందుకే నాలుక ఎండి అంత దూపయింది."

ఆయన బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ ఆలోచించాడు. పనివాడి ఆలోచన అది.

"అంటే గంజి నూలుకు పట్టి ఉండాలె. గిది పొర దాటి లోపటికి పోవాలె. పల్చగుంటెనే పోతది."

"గంతే మామా."

"గింతేనా?" మార్కండేయులు తలెత్తాడు. దవాఖానలో ఆ మాట పడ్డప్పటి నుంచి ఎవరి మొహమూ చూడని మనిషి ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. గొంతు పెంచలేదు. "గీ ముచ్చటంత చెప్పెటందుకు నీకు గడియ గూడ పట్టలే. గా పొద్దు లీటరు అని ఒక్క మాట అననీకి ఏమైంది నీకు? పొట్లం మీద గంతంత అక్షరాలు రాయాలె అని ఒర్రినవ్. నాకు ఎంత పెద్దగ రాసినా అక్షరం రాదు. చెవులైతే ఉన్నయి గద."

సారు మీద, డాక్టరు మీద, పైవాళ్ల మీద అనడానికి రత్నమాల దగ్గర ఎప్పుడూ మాటలుంటాయి. ఇప్పుడు అవన్నీ పక్కన పెట్టింది. గుమ్మంలో కల్యాణి పిల్లను చంకనేసుకుని వింటోంది.

"తప్పు నాదే మామా," అంది, కల్యాణికీ వినపడేలా. "నేను చెప్పలే."

మార్కండేయులు రత్నమాల వంక చూడకుండానే రెండు చేతులూ చాపి మనుమరాలిని అందుకున్నాడు.